పాడి మందలో చూలు నిలవనప్పుడు: పునరుత్పత్తిని దెబ్బతీసే వైరస్ వ్యాధులను గుర్తించే విధానం

కృత్రిమ గర్భధారణ సూది వేయించి, మూడో నెలలో డాక్టరు చేత చూడి నిర్ధారించుకున్న ఆవు ఆరో నెలలో ఈసుకుపోతే (నెలలు నిండకముందే దూడను పడేస్తే), రైతు పోగొట్టుకునేది ఒక్క దూడనే కాదు. ఆ ఈతలో రావలసిన పాలు, అప్పటిదాకా పెట్టిన దాణా, మళ్లీ ఎదకు వచ్చి చూలు నిలిచేదాకా పట్టే నెలలు కూడా దానితో పోతాయి. ఒక్క పశువు విషయంలో జారిపడిందనో, పొడుచుకున్నాయనో, ఎండ తగిలిందనో సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఒకే షెడ్డులో నెలా రెండు నెలల వ్యవధిలో రెండో పశువు, మూడో పశువు ఈసుకుపోయినా, ఇదివరకు బాగానే చూలు నిలిచిన మందలో తిరగపొర్లడం (చూలు నిలవక మళ్లీ ఎదకు రావడం) ఉన్నట్టుండి పెరిగినా, అంటువ్యాధి ఉందని భావించి పద్ధతిగా వెతకాలి.

ఆ వెతుకులాటలో చాలామంది ఒకే చోట దారి తప్పుతున్నారు. ఈసుకుపోయిన పశువు నుంచి ఒక్కసారి రక్తం తీసి, ఒకే పరీక్షకు పంపి, వచ్చిన కాగితాన్ని బట్టి మందకు రోగం ఉందనో లేదనో తేల్చేస్తున్నారు. పునరుత్పత్తిని దెబ్బతీసే ప్రధాన వైరస్‌ల విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. ఈసుకుపోయిన పశువు బాధితురాలు మాత్రమే. వైరస్‌ను మందలో నిలిపి ఉంచేది చాలాసార్లు చక్కగా మేస్తూ, పాలిస్తూ, ఏ లక్షణమూ చూపని మరో పశువు. అందుకని పరీక్ష మొత్తం మందను దృష్టిలో పెట్టుకుని జరగాలి, ప్రతి నమూనా ఏ ప్రశ్నకు జవాబు కోసం తీస్తున్నామో ముందే తెలిసి ఉండాలి.

వైరస్ కన్నా ముందు బ్రూసెల్లా

వైరస్‌ల జోలికి వెళ్లే ముందు బ్రూసెల్లోసిస్ సంగతి తేల్చుకోవాలి. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి. చూడి చివరి మూడు నెలల్లో ఈసుకుపోవడం, ఆ తరవాత మాయ వేయకపోవడం దీని సాధారణ రూపం. ఇది మనుషులకూ సోకుతుంది. ఈసుకుపోయిన దూడను, మాయను, ఉమ్మనీటిని ఒట్టి చేతులతో తాకిన పాలేరుకు నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు రావచ్చు. కాబట్టి కారణం ఏమిటో తేలేవరకు ఈసుకుపోయిన ప్రతి పశువునూ బ్రూసెల్లా ఉన్నదానిగానే భావించి మోచేతుల దాకా వచ్చే గ్లవ్స్, మాస్కు, గంబూట్లు వేసుకుని పని చేయాలి. గర్భిణులను, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు. ఆ మంద పాలు కాచకుండా ఎవరూ తాగకూడదు. దీన్ని పట్టే రోజ్ బెంగాల్ రక్తపరీక్ష, పాల రింగు పరీక్ష జిల్లా స్థాయి ప్రయోగశాలల్లోనే జరుగుతాయి. దూడగా ఉన్నప్పుడు 4 నుంచి 8 నెలల వయసులో ఎస్-19 టీకా వేయించిన పశువులు ఏవో డాక్టరుకు ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ టీకా వల్ల కూడా కొంతకాలం పరీక్షలో పాజిటివ్ కనబడవచ్చు.

లెప్టోస్పైరా, నియోస్పోరా, దున్నపోతు లేదా ఆబోతు దాటించే మందల్లో కాంపైలోబ్యాక్టర్, ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవులు కూడా ఇలాంటి నష్టమే చేస్తాయి. నమూనాలు పంపేటప్పుడు వీటినీ చూడమని ప్రయోగశాలను కోరాలి. బ్రూసెల్లా నెగటివ్ వచ్చినంత మాత్రాన కారణం వైరసేనని అర్థం కాదు.

ఆ రెండు వైరస్‌ల నడవడి

ప్రపంచవ్యాప్తంగా పాడి మందల పునరుత్పత్తిని ఎక్కువగా దెబ్బతీసే వైరస్ వ్యాధులు రెండు: ఐబీఆర్ (ఇన్‌ఫెక్షియస్ బొవైన్ రైనోట్రాకియైటిస్), బీవీడీ (బొవైన్ వైరల్ డయేరియా). రెండూ ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్నవే. ఈ రెండింటి స్వభావం ఒకదానికొకటి పూర్తిగా భిన్నం కాబట్టి వాటిని పట్టుకునే పద్ధతీ భిన్నంగానే ఉంటుంది. ఈ తేడా మనసుకు పట్టిన తరవాతే పరీక్షల సంగతి చూడాలి.

ఐబీఆర్‌కు కారణం బొవైన్ హెర్పిస్ వైరస్-1. భారతదేశంలో దీన్ని తొలిసారిగా 1976లో ఉత్తరప్రదేశ్‌లో గుర్తించారు. ఆ తరవాత దాదాపు అన్ని రాష్ట్రాల పశువుల్లోనూ దీని యాంటీబాడీలు (వైరస్‌తో పోరాడేందుకు శరీరం తయారు చేసుకునే పదార్థాలు) కనిపించాయి. ముక్కు నుంచి కారడం, కళ్లు ఎర్రబడడం, జ్వరం, పాలు తగ్గడం దీని శ్వాసకోశ రూపం. చూడి పశువులకు సోకితే వైరస్ రక్తం ద్వారా గర్భస్థ దూడను చేరి చంపుతుంది. సాధారణంగా నాలుగో నెల దాటిన చూళ్లు పోతాయి. సోకిన కొన్ని వారాల నుంచి సుమారు మూడు నెలల లోపు ఎప్పుడైనా ఈసుకుపోవచ్చు కాబట్టి, ఆ రోజుకు జ్వరమూ దగ్గూ ఎప్పుడో తగ్గిపోయి ఉంటాయి. జననేంద్రియ రూపాన్ని పట్టుకోవాలంటే మాత్రం కళ్లే సాధనం. ఆబోతు దాటిన లేదా సూది వేసిన రెండు మూడు రోజులకు పశువు తోకను పూర్తిగా దించకుండా ఎత్తి పట్టుకుని, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోస్తుంటే, మానం పెదవులను విడదీసి పగటి వెలుతురులో చూడాలి. ఎర్రగా వాచిన లోపలి పొర మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల చిన్న పొక్కులు, కొనలు తెల్లగా కనబడతాయి. అవి చిట్లి, ఒకదానితో ఒకటి కలిసి, పైన పలుచటి పసుపు పొర కడుతుంది. రెండు వారాల్లో అదంతా మాని, పశువు మామూలుగా అయిపోతుంది.

వైరస్ మాత్రం మానదు. ఒకసారి సోకిన పశువు నాడీకణుపుల్లో అది జీవితాంతం నిద్రాణంగా దాగి ఉంటుంది. ఈనేటప్పుడు, లారీలో దూరప్రయాణం చేసినప్పుడు, మరో జబ్బు చేసినప్పుడు, డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు ఇచ్చినప్పుడు తిరిగి మేల్కొని ముక్కు నుంచి, జననాంగాల నుంచి, వీర్యం నుంచి బయటికి వస్తుంది. అందుకే టీకా వేయని పెద్ద పశువుకు ఐబీఆర్‌లో యాంటీబాడీ పాజిటివ్ అంటే "ఎప్పుడో వచ్చి తగ్గిపోయింది" అని కాదు, "ఈ పశువు జీవితకాల వాహకం" అని చదువుకోవాలి.

బీవీడీ ఇందుకు పూర్తిగా వేరు. ఇది పెస్టివైరస్ జాతికి చెందినది. పెద్ద పశువుకు సోకితే కొద్దిపాటి జ్వరం, విరేచనాలతో, ఒక్కోసారి అవి కూడా లేకుండా, రెండు మూడు వారాల్లో వైరస్‌ను వదిలించుకుని గట్టి రోగనిరోధకత తెచ్చుకుంటుంది. ప్రమాదమంతా కడుపులో ఉన్న దూడకే. చూడి తొలి 40 రోజుల లోపు సోకితే పిండం చనిపోయి పశువు తిరగపొర్లుతుంది. సుమారు 40 నుంచి 120 రోజుల మధ్య సోకినప్పుడు దూడ బతికి పుట్టవచ్చు, కానీ దాని శరీరం ఆ వైరస్‌ను పరాయిదిగా గుర్తించలేదు, యాంటీబాడీలు తయారు చేయదు, బతికినన్నాళ్లూ లాలాజలం, చీమిడి, పేడ, మూత్రం, పాల ద్వారా లెక్కలేనంత వైరస్‌ను వదులుతూనే ఉంటుంది. దీన్ని శాశ్వత వాహక పశువు అంటారు, ప్రయోగశాల కాగితాల్లో పీఐ అని రాస్తారు. సుమారు 100 నుంచి 150 రోజుల మధ్య సోకితే గుడ్డిగా, నిలబడలేక తూలిపోయే దూడలు పుట్టవచ్చు. ఆ తరవాత సోకితే ఎక్కువ దూడలు యాంటీబాడీలతో మామూలుగానే పుడతాయి, కొన్ని ఈసుకుపోతాయి. పీఐ దూడల్లో కొన్ని ఎదగకుండా, ఎప్పుడూ దగ్గుతూ, పారుతూ రెండేళ్ల లోపే చనిపోతాయి. మరికొన్ని నిగనిగలాడుతూ పెరిగి, ఈని, తమలాంటి పీఐ దూడలనే కంటాయి. మందకు ఈ రెండో రకమే ఎక్కువ హాని చేస్తుంది.

ఈ లెక్కన ఐబీఆర్‌లో వెతకవలసింది యాంటీబాడీ ఉన్న పశువును, బీవీడీలో వెతకవలసింది యాంటీబాడీ లేకుండా వైరస్ ఉన్న పశువును. ఒకే రక్తాన్ని యాంటీబాడీ పరీక్షకు మాత్రమే పంపితే పీఐ పశువు నెగటివ్‌గా తేలి, మందలో అత్యంత శుభ్రమైన పశువుగా కనబడుతుంది.

గాలికుంటు, లంపీ స్కిన్, మూడు రోజుల జ్వరం కూడా చూళ్లు పోగొడతాయి, కానీ అవి కంటికి కనబడే జబ్బులు. ఆ తేదీలను నమోదు చేసి ఉంచితే, తరవాతి వారాల్లో ఈసుకుపోయిన వాటికి లెక్క చెప్పవచ్చు.

రిజిస్టరు చెప్పే ఆధారాలు

నమూనా తీయడానికి ముందు పుస్తకం తీయాలి. ప్రతి పశువుకూ చెవి పోగు మీది 12 అంకెల సంఖ్య, ఈత, సూది వేసిన తేదీలు, వాడిన వీర్యం తాలూకు ఎద్దు నంబరు, చూడి నిర్ధారణ తేదీ, ఈసుకుపోయిన తేదీ, టీకాలు, మందలోకి వచ్చిన తేదీ ఉండాలి. ఏడాదిలో చూడి పశువుల్లో నూటికి మూడు నుంచి ఐదు దాకా ఈసుకుపోవడం ఏ మందలోనైనా ఉండేదే. అంతకు మించితే, లేదా కొద్దివారాల్లో గుంపుగా జరిగితే, పరిశోధన అవసరం.

తిరగపొర్లిన తేదీల మధ్య ఎడం చాలా విషయాలు చెబుతుంది. సూది వేసిన 18 నుంచి 24 రోజులకు మళ్లీ ఎదకు వస్తే అసలు చూలు కట్టకపోయి ఉండవచ్చు, లేదా పిండం మరీ తొలిరోజుల్లోనే పోయి ఉండవచ్చు. సూది వేసిన వేళ తప్పడం, వీర్యం నిల్వలో లోపం, పోషణ లోపం ముందుగా చూడాలి. చాలా పశువులు 30, 40, 50 రోజులకు తిరిగి వస్తుంటే చూలు కట్టి పిండం పోతోందని అర్థం. అంటువ్యాధి అనుమానం అక్కడ బలపడుతుంది. ఎద గమనించక ఒక విడత తప్పినా ఇలాగే కనబడుతుంది కాబట్టి ఎద గుర్తింపు ఎంత నమ్మకంగా జరుగుతోందో రైతు నిజాయితీగా చెప్పాలి.

ఇంకొక ప్రశ్న తప్పక వేయాలి: ఈసుకుపోవడాలు మొదలుకావడానికి ముందు నాలుగైదు నెలల్లో బయటి నుంచి ఏ పశువు వచ్చింది? మన రైతులు హరియాణా నుంచి ముర్రా గేదెలను, కర్ణాటక నుంచి సంకరజాతి ఆవులను తెచ్చుకోవడం మామూలే. సుదీర్ఘ ప్రయాణం, కొత్త చోటు, అప్పుడే ఈనడం — దాగిన ఐబీఆర్ వైరస్ మేల్కొనడానికి కావలసిన పరిస్థితులన్నీ ఆ ఒక్క కొనుగోలులోనే ఉంటాయి.

ఈసుకుపోయిన రోజు చేయవలసిన పని

ఆ రోజు దొరికే నమూనాలు మళ్లీ దొరకవు. దూడను కుక్కలకు వదిలేయకుండా, పెంటపోగులో పారేయకుండా, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మాయతో సహా కట్టి, ఐసు మధ్య పెట్టి వెంటనే పశువైద్యాధికారికి కబురు చేయాలి. దగ్గరలో డాక్టరు లేకపోతే సంచార పశువైద్య సేవల 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. మొత్తం దూడను 24 గంటల లోపు ప్రయోగశాలకు చేర్చగలిగితే అదే మేలు. వీలుకానప్పుడు డాక్టరు అక్కడే కోసి కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తి, మూత్రపిండం, థైమస్, మెదడు ముక్కలను, కడుపులోని ద్రవాన్ని, ఛాతీలో చేరిన ద్రవాన్ని, మాయలోని గుండీలను (గర్భసంచికి అతుక్కునే గుండ్రటి బుడిపెలను) తీస్తారు. ప్రతి అవయవం నుంచి ఒక ముక్క ఐసులో, ఒక ముక్క 10 శాతం ఫార్మలిన్‌లో వెళ్లాలి. ముక్క పరిమాణానికి పది రెట్ల ఫార్మలిన్ ఉండాలి. రెండూ కలిసిపోతే పీసీఆర్‌కు (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షకు), వైరస్ పెంపకానికి ఆ నమూనా పనికిరాకుండా పోతుంది. ఐబీఆర్‌తో చనిపోయిన దూడ కడుపులోనే కొన్ని రోజులు ఉండి బయటపడుతుంది కాబట్టి కుళ్లినట్టు, ఎర్రటి నీరు నిండినట్టు ఉంటుంది; అది చూసి నమూనా పనికిరాదని వదిలేయకూడదు. కాలేయం మీద సూది మొనంత తెల్లటి చుక్కలున్నా లేకున్నా పీసీఆర్‌కు పంపాలి.

తల్లి నుంచి మూడు నమూనాలు తీయాలి. మొదటిది సీరం కోసం ఎర్రమూత గొట్టంలో 5 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం. దాన్ని ఏటవాలుగా, నీడలో, గది వేడిమిలో గడ్డకట్టనిచ్చి, పైకి తేలిన సీరాన్ని వేరే గొట్టంలోకి తీసి ఐసులో పెట్టాలి. గడ్డకట్టకముందే ఐసులో పెట్టినా, రక్తాన్ని నేరుగా ఫ్రీజర్‌లో పెట్టినా ఎర్రకణాలు పగిలి సీరం చెడిపోతుంది. రెండోది ఊదారంగు మూత గల ఈడీటీఏ గొట్టంలో రక్తం, బీవీడీ వైరస్‌ను వెతకడానికి. మూడోది యోని నుంచి, ముక్కులోపల లోతు నుంచి తీసిన దూదిపుల్లలు. వీటికి కిరాణా కొట్లో దొరికే చెక్కపుల్ల దూది వద్దు, పాలిస్టర్ కొన ఉన్న ప్లాస్టిక్ పుల్లలు కావాలి, ఎందుకంటే చెక్క, నూలుల్లోని పదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకోవచ్చు. పుల్లను వైరస్ రవాణా ద్రావణంలో ముంచి ఐసు మీద పంపాలి. జ్వరంతో, నీళ్లలా పలుచటి చీమిడితో ఉన్న మరో పశువు మందలో ఉంటే దాని ముక్కు నుంచి కూడా నమూనా తీయాలి. చీమిడి చిక్కబడి చీములా మారేసరికి వైరస్ తగ్గిపోతుంది.

తల్లి రక్తాన్ని మూడు వారాల తరవాత మళ్లీ తీసి రెండు సీరాలనూ ఒకేసారి పరీక్షించడం పాఠ్యపుస్తకాల్లో ఉండే పద్ధతి. యాంటీబాడీ నాలుగు రెట్లు పెరిగితే కొత్తగా సోకిందని లెక్క. ఈసుకుపోయిన పశువులో మాత్రం ఇది తరచూ విఫలమవుతుంది. వైరస్ సోకి వారాలు గడిచిన తరవాతే దూడ పడిపోతుంది కాబట్టి మొదటి రక్తం తీసే నాటికే యాంటీబాడీ గరిష్ఠానికి చేరి ఉంటుంది, ఇక పెరగడానికి ఏమీ మిగలదు. అందువల్ల రెండోసారి తీయడం మానకుండానే, ఈసుకుపోయిన పశువులతో పాటు అదే షెడ్డులో మామూలుగా ఈనిన అన్నే పశువుల రక్తం కూడా పంపి రెండు గుంపులనూ పోల్చమని అడగాలి. ఈసుకుపోయిన వాటిలో ఎక్కువ, మిగిలిన వాటిలో తక్కువ పాజిటివ్‌లు ఉంటేనే ఆ వ్యాధి మీద అనుమానం నిలబడుతుంది. రెండు గుంపులూ ఒకేలా ఉంటే వైరస్ మందలో ఉన్న మాట నిజమే, ఈ నష్టానికి అదే కారణమని మాత్రం తేలదు.

నమూనాలు తీసిన తరవాత మిగిలిన దూడను, మాయను లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. ఆ స్థలాన్ని 2 శాతం కాస్టిక్ సోడా ద్రావణంతోనో బ్లీచింగ్ ద్రావణంతోనో కడగాలి. తల్లిని మిగతా చూడి పశువుల నుంచి వేరుగా కట్టాలి.

మంద మొత్తాన్ని పరీక్షించడం

పెద్ద మందలో అత్యంత చౌకగా మొదలుపెట్టగలిగేది పాల ట్యాంకు నమూనా. అన్ని పశువుల పాలూ కలిసిన ట్యాంకును బాగా కలియబెట్టి 30 నుంచి 50 మిల్లీలీటర్లు తీసి ఐబీఆర్, బీవీడీ యాంటీబాడీ ఎలైసాకు (యాంటీబాడీలను పట్టే ప్రయోగశాల పరీక్షకు) పంపితే మందకు ఆ వైరస్‌లతో పరిచయం ఉందో లేదో ప్రాథమికంగా తెలుస్తుంది. ఈనిన తొలిరోజుల జున్నుపాలు అందులో కలవకూడదు, ఎందుకంటే వాటిలో యాంటీబాడీలు విపరీతంగా ఉండి ఫలితాన్ని తారుమారు చేస్తాయి. అదే పాలలో బీవీడీ వైరస్‌ను పీసీఆర్‌తో వెతికితే, పాలిచ్చే పశువుల్లో పీఐ ఒక్కటి ఉన్నా దొరికే అవకాశం ఎక్కువ. అయితే ఒట్టిపోయినవి, పెయ్యలు, దూడలు, ఆబోతులు ఆ ట్యాంకులో లేవు. పీఐలు ఎక్కువగా ఉండేది వాటిలోనే. ఊరి పాలకేంద్రంలోని కూలర్ నుంచి తీసిన పాలు వంద ఇళ్ల పాలు కాబట్టి ఒక రైతు మందను గురించి అవి ఏమీ చెప్పవు.

పాలు కాకుండా రక్తమే తీయాలనుకుంటే, ఎన్ని పశువులనే ప్రశ్నకు లెక్క ఉంది. 50 పశువుల మందలో కనీసం ఐదింటికి సోకి ఉంటే, యాదృచ్ఛికంగా ఎంచిన 22 పశువుల రక్తం తీసినప్పుడు వాటిలో ఒక్కటైనా దొరికే అవకాశం 95 శాతం. పది, పదిహేను పశువులు మాత్రమే ఉన్న మన సగటు మందలో ఇలాంటి ఎంపికతో ఆదా అయ్యేది ఏమీ లేదు, అన్నిటినీ పరీక్షించడమే ఉత్తమం.

బీవీడీ ప్రస్తుతం మందలో తిరుగుతోందా అనే ప్రశ్నకు అందమైన జవాబు పడుచు పశువుల్లో ఉంది. టీకా వేయని, 9 నుంచి 18 నెలల వయసున్న పెయ్యలను ఐదు నుంచి పదింటిని ఎంచి యాంటీబాడీ పరీక్ష చేయించాలి. తల్లి జున్నుపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు ఆ వయసుకు హరించిపోయి ఉంటాయి కాబట్టి ఇప్పుడు కనబడేవన్నీ అవి పుట్టాక సోకిన వైరస్ వల్లే. ఎక్కువ భాగం పాజిటివ్ అయితే వాటి మధ్య ఒక పీఐ ఉంది, లేదా ఇటీవలి వరకు ఉంది. అన్నీ నెగటివ్ అయితే వాటితో పీఐ కలిసి తిరగలేదు. ముసలి ఆవుల్లో యాంటీబాడీలు ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి కాబట్టి వాటి ఫలితం ఈ ప్రశ్నకు జవాబు కాదు.

పీఐ ఉందని తేలితే దాన్ని పట్టుకోవడానికి చెవి ముక్క పరీక్ష ఉంది. చెవి అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి యాంటిజెన్ ఎలైసా (యాంటీబాడీని కాక వైరస్ ప్రోటీన్‌నే వెతికే పరీక్ష) లేదా పీసీఆర్‌కు పంపుతారు. ఒక పశువు రక్తం మరో పశువు నమూనాకు అంటకుండా కత్తెరను ప్రతిసారీ కడిగి, మందుద్రావణంలో ముంచాలి. ఐర్లండ్‌లో 2013 నుంచి పుట్టిన ప్రతి దూడకూ పోగు కుట్టేటప్పుడే ఆ ముక్క దానంతట అదే చిన్న సీసాలో పడే పోగులతో ఈ పరీక్షను తప్పనిసరి చేశారు. మూడు నెలల లోపు దూడ రక్తంలో అయితే తల్లి యాంటీబాడీలు వైరస్‌ను కప్పిపుచ్చి తప్పుడు నెగటివ్ చూపవచ్చు. చెవి ముక్కలో ఆ ఇబ్బంది తక్కువ.

ఖర్చు తగ్గించే కిటుకు ఒకటుంది. పీఐ తల్లికి ఎప్పుడూ పీఐ దూడే పుడుతుంది. కాబట్టి దూడ నెగటివ్ అయితే దాని తల్లి పీఐ కాదని పరీక్ష లేకుండానే తెలిసిపోతుంది. ముందుగా దూడలన్నిటినీ, ఆ తరవాత దూడ బతికి లేని పశువులను, పెయ్యలను, ఆబోతును, పాజిటివ్ వచ్చిన దూడల తల్లులను పరీక్షిస్తే మంద మొత్తం పూర్తయినట్టే. అయితే పీఐ దూడ తల్లి పీఐ కానవసరం లేదు. చూడితో ఉన్నప్పుడు వైరస్ సోకి తాను కోలుకున్న మామూలు ఆవే చాలాసార్లు ఆ తల్లి.

ఫలితాల కాగితాన్ని చదవడం

బీవీడీలో యాంటిజెన్ పాజిటివ్ వచ్చిన వెంటనే ఆ పశువును పీఐ అని ముద్ర వేయకూడదు. అప్పుడే సోకి రెండు వారాల్లో కోలుకోబోయే పశువూ అదే ఫలితం ఇస్తుంది. దాన్ని వేరుగా కట్టి మూడు నాలుగు వారాల తరవాత మళ్లీ పరీక్షించాలి. అప్పుడూ పాజిటివ్ అయితే పీఐ. యాంటీబాడీ పాజిటివ్, యాంటిజెన్ నెగటివ్ అయితే గతంలో సోకి కోలుకున్నది, లేదా టీకా వేసినది. అయితే చూడితో ఉన్న అలాంటి పశువు కడుపులో పీఐ దూడ ఉండవచ్చు. తల్లి అన్ని పరీక్షల్లోనూ శుభ్రంగా తేలుతుంది, దూడ పుట్టిన రోజున వైరస్ మందలోకి వస్తుంది. అందుకే చూడి పశువును కొన్నప్పుడు దాని పరీక్ష సగం పరీక్షే. పుట్టిన దూడ చెవి ముక్క ఫలితంతోనే అది పూర్తవుతుంది.

ఐబీఆర్ ఫలితంలో మూడు చిక్కులున్నాయి. టీకా వేసిన పశువు మామూలు జీబీ (వైరస్ మీది ఒక ప్రోటీన్) ఎలైసాలో పాజిటివ్ చూపుతుంది. జీఈ అనే ప్రోటీన్‌ను తొలగించి తయారు చేసిన మార్కర్ టీకా వాడి ఉంటేనే జీఈ ఎలైసాతో టీకా యాంటీబాడీని, సహజంగా సోకిన యాంటీబాడీని వేరు చేయగలం. అలాంటి పశువు జీబీ పాజిటివ్, జీఈ నెగటివ్‌గా ఉంటే అది వాహకం కాదు. మరో రకం టీకా వేసి ఉంటే ఏ ఎలైసా కూడా ఈ తేడా చెప్పలేదు. రెండోది, తల్లి జున్నుపాల నుంచి వచ్చిన యాంటీబాడీలు దూడలో ఆరు నెలలు దాటి కూడా ఉండవచ్చు కాబట్టి దూడల ఫలితాన్ని తొందరపడి నమ్మకూడదు. మూడోది మన ప్రాంతానికి మరీ ముఖ్యం: గేదెల్లో ఉండే బుబలైన్ హెర్పిస్ వైరస్-1 ఈ వైరస్‌కు దగ్గరి బంధువు, ఐబీఆర్ ఎలైసాలో అదీ పాజిటివ్ చూపగలదు. ఆవులూ గేదెలూ ఒకే పాకలో ఉన్న మందలో గేదె పాజిటివ్ వస్తే, అది ఏ వైరసో తేల్చడానికి పీసీఆర్, జన్యుక్రమ పరీక్ష అవసరం కావచ్చు. పంపే కాగితం మీద ఆవు, గేదె అని స్పష్టంగా రాయకపోతే ప్రయోగశాల ఈ జాగ్రత్త తీసుకోలేదు.

ఈనడానికి ముందు రెండు మూడు వారాల్లో తల్లి రక్తంలోని యాంటీబాడీలు జున్నుపాలలోకి చేరడం వల్ల సీరంలో తగ్గి, సరిహద్దు ఫలితం రావచ్చు. అలాంటి పశువును ఈనిన నెల తరవాత మళ్లీ పరీక్షించాలి. వైరస్‌తో కలిసి రెండు మూడు వారాలు కూడా గడవని పశువు నెగటివ్‌నూ ఇలాగే పునఃపరీక్షతో నిర్ధారించుకోవాలి.

ప్రయోగశాలలు, వీర్యం, కొత్త పశువులు

జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో బ్రూసెల్లా వరకు తేలుతుంది. వైరస్ పరీక్షలకు నమూనాలను హైదరాబాదు, విజయవాడల్లోని వీబీఆర్‌ఐ (వెటర్నరీ బయలాజికల్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్) సంస్థలకు గానీ, తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలకు గానీ పంపవచ్చా అని డాక్టరు ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. కిట్లు అన్ని వేళలా ఉండవు. జాతీయ స్థాయిలో ఐబీఆర్ మీద బెంగళూరులోని నివేది సంస్థ, బీవీడీ మీద భోపాల్‌లోని నిహ్‌సాడ్ సంస్థ పని చేస్తున్నాయి. నమూనాతో పాటు మంద చరిత్ర ఒక పేజీ రాసి పంపాలి. ఈసుకుపోయిన నెల, టీకాల తేదీలు, కొత్తగా వచ్చిన పశువులు లేని కాగితంతో వెళ్లిన నమూనాకు వచ్చే జవాబు కూడా అంతంతమాత్రంగానే ఉంటుంది.

ఐబీఆర్ వైరస్ ద్రవ నత్రజనిలో చావదు. వీర్యం గొట్టంలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. వాహక ఎద్దు వైరస్‌ను అన్నిసార్లూ వదలదు కాబట్టి ఒక గొట్టం నెగటివ్ వచ్చిందని ఎద్దును శుభ్రమని అనలేము. ప్రతి విడత వీర్యాన్నీ విడిగా పీసీఆర్ చేయాలి. కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షణ బృందం ఎ లేదా బి గ్రేడు ఇచ్చిన వీర్య కేంద్రాల గొట్టాలనే వాడమని గోపాలమిత్రను (ఊళ్లో పశువులకు సూది వేసే కార్యకర్తను) అడగడం రైతు హక్కు. ఊరి ఆబోతు చేతనో దున్నపోతు చేతనో దాటించే మందలో దాన్ని పరీక్షించకుండా ఆవులను మాత్రమే పరీక్షించడం వృథా.

పీఐగా నిర్ధారణ అయిన పశువును మందలో ఉంచకూడదు. ఆవుల వధపై ఆంక్షలున్న మన రాష్ట్రాల్లో దాన్ని ఏం చేయాలన్నది నిజంగా కష్టమైన ప్రశ్న. చేయగలిగింది వేరే పాకలో, వేరే తొట్టి, వేరే మనిషితో, చూడి పశువుల గాలి తగలనంత దూరంలో ఉంచడం. సంతలో మరో రైతుకు అమ్మడం మాత్రం ఆ రైతు మందను తెలిసి తెలిసి నాశనం చేయడమే. ఐబీఆర్ వాహకాల సంఖ్య మనదేశంలో ఎక్కువ కాబట్టి వాటినన్నిటినీ తీసేయడం సాధ్యం కాదు. వాటిని ఒక వరుసలో విడిగా కట్టి, చివర పాలు పితికి, అనవసరంగా స్టెరాయిడ్లు ఇవ్వకుండా డాక్టరుకు గుర్తుచేసి, నెగటివ్ గుంపును ఆరు నెలలకొకసారి పరీక్షిస్తూ, పుట్టే దూడలతో ఆ గుంపును పెంచుకోవాలి.

కొత్త పశువును కొనేటప్పుడు బ్రూసెల్లా, ఐబీఆర్ యాంటీబాడీ, బీవీడీ యాంటిజెన్ పరీక్షలు అమ్మేవారి కొట్టంలోనే చేయించి, తెచ్చిన తరవాత మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, ఐబీఆర్ పరీక్షను మళ్లీ చేయించాలి. మందలో పీఐ దొరికి, తీసేసిన తరవాత కూడా రాబోయే పది నుంచి పన్నెండు నెలల పాటు పుట్టే ప్రతి దూడ చెవి ముక్కనూ పంపుతూనే ఉండాలి, ఎందుకంటే ఆ పీఐ మందలో తిరుగుతున్న రోజుల్లో తొలి నెలల చూడితో ఉన్న పశువులన్నీ ఈనడానికి అంత కాలం పడుతుంది.